పక్క మంచం ఆమెకు పెట్టారు, మా చెల్లెలికి ఎందుకు పెట్టలేదు?

ప్రశ్న: మాది పత్తికొండ. మా చెల్లెలికి తొలి కాన్పు, ఇప్పుడు 31వ వారం. అత్తగారిల్లు కర్నూలు. పోయిన వారం రాత్రిపూట పొట్ట గట్టిపడి, నడుము లాగుతూ నొప్పులు మొదలైతే ఆస్పత్రికి తీసుకుపోయాం. మూడు రోజులు ఉంచుకున్నారు. నాలుగు సూదులు వేశారు, ఏవో మాత్రలు ఇచ్చారు, మూత్రం పరీక్షకు పంపారు. నొప్పులు తగ్గినాయని ఇంటికి పంపించారు. కల్చర్ రిపోర్టు తర్వాత వచ్చి తీసుకోమన్నారు గానీ మేం మళ్లీ పోలేదు. మా బాధ ఏమిటంటే, పక్క మంచంలో ఉన్న ఆదోని అమ్మాయికీ ఇవే నెలలు, ఇవే నొప్పులు. ఆమెకు యాంటీబయాటిక్స్ పెట్టారు, మా చెల్లెలికి పెట్టలేదు. మా ఊరి ఆర్‌ఎంపీ డాక్టరు "కోర్సు పడి ఉంటే నొప్పులు పూర్తిగా ఆగిపోయేవి, ఇప్పుడైనా 625 మాత్రలు ఐదు రోజులు వాడండి" అంటున్నాడు. చెల్లెలికి ఇంకా అప్పుడప్పుడు పొట్ట బిగుస్తోంది. మూత్రానికి పోతే కొంచెం మంట కూడా ఉందంటుంది, వేడి చేసిందని మజ్జిగ తాగిస్తున్నాం. మాత్రలు కొనమంటారా? శ్రీమంతం చేసి పుట్టింటికి తెచ్చుకుందామని అమ్మ పట్టుబడుతోంది. తీసుకురావచ్చా?
– ఒక అక్క, కర్నూలు జిల్లా

జవాబు: మాత్రలు మాత్రం కొనకండమ్మా. ముందు ఆ కల్చర్ రిపోర్టు (మూత్రంలో ఏ క్రిమి పెరిగిందో చెప్పేది) తెచ్చుకోండి, వీలైతే ఈరోజే. మూత్రంలో మంట సంగతి మీరు ఉత్తరం చివర్లో మజ్జిగతో పాటు ఒక ముక్కలో రాసి వదిలేశారు. నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. మీ చెల్లెలికి యాంటీబయాటిక్ అవసరం పడొచ్చు కూడా. అయితే ఏ మందు, ఎన్ని రోజులు అన్నది ఆ రిపోర్టు చూసి చెప్పాల్సిన మాట.

ముందు పక్క మంచం సంగతి చూద్దాం, మీ మనసులో ముల్లు అక్కడే ఉంది కాబట్టి. ఆదోని అమ్మాయి కేసు షీటు నేను చూడలేదు. కానీ నెలలు నిండకముందే నొప్పులతో వచ్చిన ఇద్దరిలో ఒకరికి యాంటీబయాటిక్ పెట్టి ఇంకొకరికి పెట్టలేదంటే, చాలాసార్లు తేడా ఉమ్మనీటి దగ్గర ఉంటుంది. ఉమ్మనీటి సంచి చిరిగి నీరు పోతుంటే బిడ్డకూ బయటి క్రిములకూ మధ్య గోడ పోయినట్టే. అప్పుడు యాంటీబయాటిక్ ఇస్తారు. దానివల్ల కాన్పు కొన్ని రోజులు వెనక్కి జరిగే అవకాశం ఉంది, తల్లీబిడ్డలకు ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదమూ తగ్గుతుంది. సంచి చెక్కుచెదరకుండా ఉండి, జ్వరం లాంటి ఇన్ఫెక్షన్ గుర్తులేవీ లేకుండా ఒక్క నొప్పులే ఉంటే, వాటి కోసమని యాంటీబయాటిక్ ఇవ్వకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచనలు కూడా ఇవే. పక్క మంచాల మీద ఉన్నవాళ్లకు వేర్వేరు వైద్యం జరుగుతుంటే ఇంటివాళ్లకు అనుమానం రావడం సహజం. ఆ పూట డ్యూటీలో ఉన్నవాళ్లు ఒక్క నిమిషం నిలబడి ఈ ముక్క చెప్పి ఉంటే మీకు ఇంత టెన్షన్ ఉండేది కాదు. వార్డులో రద్దీ నాకు తెలియనిది కాదు, అయినా చెప్పాల్సింది.

మీ ఆర్‌ఎంపీ మాట పూర్తిగా గాలిలోంచి పుట్టిందేమీ కాదు. ఇన్ఫెక్షన్‌కూ నొప్పులకూ నిజంగానే సంబంధం ఉంది. నెలలు నిండని కాన్పుల్లో కనీసం నాలుగో వంతుకు లోపలి ఇన్ఫెక్షనే కారణమని అంచనా. క్రిములు కింది నుంచి పైకి పాకి ఉమ్మనీటి సంచి పొరల దాకా చేరితే, తల్లి ఒంట్లోని రక్షక కణాలు వాటిని పసిగట్టి సైటోకైన్లు అనే రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో ప్రోస్టాగ్లాండిన్లు తయారవుతాయి. నెలలు నిండాక నొప్పులు తెప్పించడానికి ఆస్పత్రుల్లో పెట్టే జెల్ కూడా ఈ ప్రోస్టాగ్లాండినే. ఇది గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరుస్తుంది, గర్భసంచి కండరంలోకి కాల్షియం చేరేలా చేస్తుంది, కండరం బిగుస్తుంది. అదే నొప్పి.

అలాంటప్పుడు క్రిమిని చంపితే నొప్పి ఆగాలి కదా అని మీకు అనిపించొచ్చు. వైద్యులూ చాలా ఏళ్లు అలాగే ఆశపడ్డారు. చిక్కేమిటంటే, నొప్పులు బయటికి తెలిసేసరికి లోపల ఈ రసాయనాల వరస ఎప్పుడో మొదలై ఉంటుంది. వామికి నిప్పంటుకున్నాక అగ్గిపుల్లను కాలికింద నలిపితే ఏం లాభం? పైగా చచ్చిన క్రిముల గోడల ముక్కలు కూడా అదే రసాయనాలను పుట్టించగలవు.

ఇంకో సంగతి ఉంది. క్రిములతో పని లేకుండా, కొన్ని యాంటీబయాటిక్స్ నేరుగా గర్భసంచి కండరాన్నే సడలిస్తాయా అని కూడా పరీక్షించారు. కండరం ముక్కను సన్నటి పట్టీలా కోసి, ఒంటి వేడిలో ఉంచిన ఉప్పునీటి ద్రావణంలో వేలాడదీస్తారు. ఆక్సిజన్ బుడగలు పంపుతూ ఉంటే ఆ ముక్క దానంతటదే బిగుసుకుంటూ, వదులవుతూ ఉంటుంది. పైన తగిలించిన పరికరం ఆ లాగుడును గీతగా గీస్తుంది. అందులో మందు కలిపి గీత ఎత్తు తగ్గిందా లేదా చూస్తారు. కొన్ని యాంటీబయాటిక్స్ కలిపినప్పుడు తగ్గింది కూడా. జెంటామైసిన్ జాతి మందులు కాల్షియం పనికి అడ్డుపడతాయన్నది తెలిసిందే. అందుకే ఫిట్స్ రాకుండా ఇచ్చే మెగ్నీషియంతో వాటిని కలిపి ఇవ్వాల్సి వస్తే డాక్టర్లు కండరాల బలహీనత రాకుండా కనిపెట్టుకుని ఉంటారు. అయితే గాజు గొట్టంలో ముక్క సడలడం వేరు, కడుపులో బిడ్డతో ఉన్న మనిషికి మాత్ర మింగిస్తే నొప్పులు ఆగడం వేరు. ఈ రెండోది జరుగుతుందో లేదో తేలాలంటే మనుషుల మీదే చూడాలి.

అలా చూశారు. బ్రిటన్ వైద్యుల ఆధ్వర్యంలో ఒరాకిల్ అనే పెద్ద పరిశీలన జరిగింది, ఫలితాలు 2001లో వచ్చాయి. నొప్పులు వచ్చినా ఉమ్మనీటి సంచి బాగానే ఉన్న 6,000 మందికి పైగా గర్భిణులు అందులో ఉన్నారు. కొందరికి ఎరిత్రోమైసిన్, కొందరికి అమాక్సిసిలిన్-క్లావులనేట్ (మీ ఆర్‌ఎంపీ చెప్పిన 625 ఇదే), కొందరికి రెండూ, మిగతావాళ్లకు మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. అసలు మందు పడినవాళ్లకు కాన్పు వెనక్కి జరగలేదు, పుట్టిన పిల్లలకు ఒరిగిందీ లేదు. అక్కడితో ఆగి ఉంటే 'లాభం లేదు, నష్టమూ లేదు' అని సర్దుకునేవాళ్లం. కానీ ఆ పిల్లలకు ఏడేళ్లు వచ్చాక మళ్లీ ఆరా తీశారు. 2008లో వచ్చిన ఆ ఫలితాల్లో, తల్లికి ఎరిత్రోమైసిన్ పడిన పిల్లల్లో నూటికి 3 మందికి పైగా సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతుల కదలికలు సరిగా లేకపోవడం) కనిపించింది. పడని పిల్లల్లో అది నూటికి 2 కన్నా తక్కువ. రెండో మందు విషయంలోనూ తేడా ఇటే మొగ్గింది. ఎందుకిలా అయిందన్నది పూర్తిగా తేలలేదు. అణిగీ అణగని వాపు వాతావరణంలో బిడ్డ ఎక్కువ రోజులు ఉండిపోవడం ఒక కారణం కావొచ్చని కొందరి అభిప్రాయం. ఉమ్మనీరు పోయిన తల్లుల పిల్లల్లో ఈ తేడా కనిపించలేదు. ఆదోని అమ్మాయికి మందు పెట్టడం, మీ చెల్లెలికి పెట్టకపోవడం రెండూ సరైనవే కావొచ్చని నేను అంటున్నది ఇందుకే.

ఇది చదివి, మూత్రం ఇన్ఫెక్షన్‌కు డాక్టరు రాసిన మందు మానేసేవాళ్లూ ఉంటారని నా భయం. దయచేసి ఆ పని చేయకండి. ఆ పరిశీలన ఇన్ఫెక్షన్ గుర్తులు లేనివాళ్లకు, నొప్పులకని ఇచ్చిన మందు గురించి. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మందు వేయకపోవడమే ప్రమాదం.

ఇక 625 గురించి. మెడికల్ షాపు దగ్గర నిలబడి చూడండి, పంటినొప్పికి, దగ్గుకు, కాలి పుండుకు అన్నిటికీ "అన్నా, 625 ఒక స్ట్రిప్ ఇయ్యి" అని అడిగేవాళ్లే. అది అమాక్సిసిలిన్, క్లావులనేట్ కలిసిన మాత్ర. నెలలు నిండని కాన్పు విషయంలో ఈ మాత్ర మీద ప్రత్యేకంగా ఒక అనుమానం ఉంది. అదే ఒరాకిల్‌లో, ఉమ్మనీరు పోయిన తల్లులకు ఇది పడినప్పుడు, పుట్టిన బిడ్డల్లో పేగులు దెబ్బతినే నెక్రొటైజింగ్ ఎంటిరోకొలైటిస్ అనే ప్రాణాంతక జబ్బు ఎక్కువగా కనిపించింది. అందుకే అలాంటి తల్లులకు ఎరిత్రోమైసిన్ వాడమని, దీన్ని వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ చెల్లెలికి ఉమ్మనీరు పోలేదు నిజమే. కానీ రేపు పోదని ఎవరు చెప్పగలరు? స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందని గుర్తు. షాపులో అడగ్గానే ఇస్తున్నారంటే ఆ గీత అబద్ధమైపోదు.

ఆర్‌ఎంపీ మందు 'పనిచేసినట్టు' ఎందుకు కనిపిస్తుందో కూడా చెబుతాను. నెలలు నిండకముందు నొప్పులతో ఆస్పత్రిలో చేరినవాళ్లలో దాదాపు సగం మంది నెలలు నిండాకే కంటారు. చాలామందికి నొప్పులు వాటంతటవే సద్దుమణుగుతాయి. ఆ ఐదు రోజుల్లో ఎవరు ఏ మాత్ర మింగి ఉంటే పేరు దానికి పోతుంది.

మీ చెల్లెలికి వేసిన నాలుగు సూదులు ఊరికే వేసినవి కావు. 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు అంటే అది డెక్సామెథసోన్ అయి ఉంటుంది, ఒక్కోటి 6 మిల్లీగ్రాములు. బిడ్డ ఊపిరితిత్తులు పక్వానికి రావడానికి ఇచ్చే స్టెరాయిడ్. నెలలు నిండని బిడ్డకు మన దగ్గరున్న మందుల్లో దీనికి మించిన మేలు చేసేది లేదని నా ఉద్దేశం. మాత్రలు బహుశా నిఫెడిపిన్. అది అసలు బీపీ మందు, కండరంలోకి కాల్షియం పోకుండా చూస్తుంది. దాంతో నెలల తరబడి కాన్పు ఆపలేం. స్టెరాయిడ్ పనిచేయడానికి కావాల్సిన రెండు రోజులు సంపాదించడానికే అది. అంటే మీ చెల్లెలికి అక్కడ జరగాల్సిన వైద్యం జరిగింది. డిశ్చార్జ్ చీటీలో ఆ సూదుల పేరు, తేదీలు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించుకోండి. మళ్లీ నొప్పులతో పోవాల్సి వస్తే మొదట అడిగేది అదే.

ఇప్పుడు మంట సంగతి. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగిన గర్భసంచి వాటిని నొక్కుతుంది, మూత్రం ఎక్కడికక్కడ నిలుస్తుంది. నిలిచిన చోట క్రిమి పెరుగుతుంది. మన కర్నూలు ఎండల సంగతి చెప్పేదేముంది. దానికి తోడు ఆడవాళ్లకు ఇంకో అలవాటు. మిరప కోతకు పోయినా, కూలికి పోయినా, బస్సెక్కినా, మరుగు దొరకదని పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. తాగినా బిగబట్టుకుంటారు. మంట మొదలైతే వేడి చేసిందని మజ్జిగ, సబ్జా, బార్లీ. తాగనివ్వండి, మంచిదే, నీళ్లు ఒంట్లోకి పోతాయి. ఒంట్లో నీరు తగ్గినా పొట్ట బిగుస్తుంది, కాబట్టి ఆ మేలూ ఉంది. కానీ మజ్జిగతో క్రిమి చావదు. అది మూత్రపిండాల దాకా ఎక్కితే చలిజ్వరం, పక్కలో పోటు, వాంతులు వస్తాయి. ఆ జ్వరంతోనే నొప్పులు మళ్లీ మొదలవుతాయి. కొందరికి మంట కూడా లేకుండా మూత్రంలో క్రిములు ఉంటాయి. గర్భిణులందరికీ కల్చర్ చేయించడం మంచిదనేది అందుకే. అలాంటివాళ్లకు యాంటీబయాటిక్ ఇస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్ బాగా తగ్గుతుందని రుజువైంది. ఇదీ యాంటీబయాటిక్ నొప్పులకు నిజంగా అడ్డుకట్ట వేసే చోటు. నొప్పులు వచ్చాక కాదు, రాకముందు.

రిపోర్టులో రెండు విషయాలు ఉంటాయి: ఏ క్రిమి పెరిగింది, దాని మీద ఏ మందు పనిచేస్తుంది, ఏది చేయదు. మందుల పేర్ల పక్కన ఎస్ అని ఉంటే పనిచేస్తుంది, ఆర్ అని ఉంటే ఆ క్రిమికి ఆ మందు అలవాటైపోయిందని అర్థం. అది చూశాక డాక్టరు కడుపుతో ఉన్నవాళ్లకు పనికొచ్చే మందు ఎంచుకుంటారు. సెఫలెక్సిన్, అమాక్సిసిలిన్, ఫాస్ఫోమైసిన్ లాంటివి అప్పుడు వాడదగ్గవే. నైట్రోఫ్యురాంటోయిన్ కూడా వాడతారు గానీ కాన్పు దగ్గరపడిందనుకుంటే తప్పిస్తారు, పుట్టే బిడ్డ రక్తకణాలు దెబ్బతినే అవకాశం ఉందని. మీ చెల్లెలికి ఒకసారి నొప్పులు వచ్చి పోయాయి కాబట్టి ఈ మాట డాక్టరుకు తప్పకుండా గుర్తుచేయండి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ ఇంట్లో మిగిలి ఉన్నా ముట్టుకోవద్దు. కోర్సు మధ్యలో మంట తగ్గినా రాసినన్ని రోజులూ వాడాలి. అయిపోయిన వారం పది రోజులకు మళ్లీ కల్చర్ చేయిస్తే క్రిమి పోయిందో లేదో తెలుస్తుంది. ఈసారి శాంపిల్ ఇచ్చేటప్పుడు శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్య ధార సీసాలో పట్టమనండి. లేకపోతే చర్మం మీది క్రిములు కూడా కలిసి రిపోర్టు పాడవుతుంది. పాత రిపోర్టు దొరకలేదంటే వాదన పెట్టుకోకుండా కొత్త శాంపిల్ ఇచ్చి రండి. ఈ లోపు మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది అక్కడి డాక్టరునే అడగండి. మంట ఉంది కాబట్టి మొదలుపెట్టమనే అవకాశమే ఎక్కువ.

అప్పుడప్పుడు పొట్ట బిగుసుకుని, ఎడమవైపుకు తిరిగి పడుకుని రెండు గ్లాసుల నీళ్లు తాగితే సర్దుకుంటే అవి దొంగనొప్పులే అయి ఉండొచ్చు. గంటలో నాలుగు కన్నా ఎక్కువసార్లు బిగుస్తున్నా, నడుము నుంచి ముందుకు లాగుతున్నా, రక్తం కనిపించినా, చలిజ్వరం వచ్చినా, బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపించినా 108కి ఫోన్ చేయండి, తెల్లారే దాకా చూడొద్దు. బట్ట తడుస్తుంటే అది మూత్రమా ఉమ్మనీరా అన్నది ఇంట్లో తేల్చుకోవాలని చూడకండి. శుభ్రమైన తెల్ల గుడ్డ పెట్టి, అదే గుడ్డతో ఆస్పత్రికి తీసుకుపోండి. దాని రంగు, వాసన చూస్తే డాక్టరుకు సగం సంగతి తెలుస్తుంది. ఉమ్మనీరే అయితే అక్కడ యాంటీబయాటిక్ పెడతారు, అప్పుడు వద్దనకండి.

మీ అమ్మగారి కోరిక విషయంలో నేను కాస్త కఠినంగానే చెబుతాను. 31 వారాల బిడ్డ పుడితే వెంటనే నవజాత శిశువుల ప్రత్యేక విభాగం కావాలి, అది కర్నూలు పెద్దాస్పత్రిలో ఉంది. అర్ధరాత్రి పత్తికొండ నుంచి నొప్పులతో బయల్దేరి కర్నూలు చేరడం కన్నా, బిడ్డ కడుపులో ఉండగానే ఆస్పత్రి దగ్గర ఉండటం వెయ్యి రెట్లు మేలు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ దక్కదు అని పెద్దవాళ్లు అంటుంటారు. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాట అంటే పట్టించుకోకండి. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు బలమే.

కనీసం 36 వారాలు నిండేదాకా మీ చెల్లెల్ని అత్తగారింట్లోనే ఉండనివ్వండి. మంచం దిగకుండా పడుకోబెట్టాల్సిన పనిలేదు, దానివల్ల లాభం లేదు. బరువు పనులు, బిందెలు మోయడం మాత్రం వద్దు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆస్పత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టరు పరీక్ష ఉంటుంది, అది కూడా వాడుకోండి. శ్రీమంతం కర్నూలు ఇంట్లోనే పదిమందితో చేసుకోవచ్చు, గాజులు అక్కడే తొడగొచ్చు. పుట్టింటి మర్యాద తప్పుతుందని మీ అమ్మగారు బాధపడితే, ఆమెనే నాలుగు వారాలు కూతురి దగ్గరికి పంపించండి. వియ్యపురాలితో మాట్లాడి ఒప్పించే పని మీరే చేయాలి. మీ అమ్మగారు పోయేటప్పుడు కల్చర్ రిపోర్టు, డిశ్చార్జ్ చీటీ రెండూ ఒక కవర్లో పెట్టి ఆమె చేతికివ్వండి.